సంఘం కంప్యూటరుకు సెల్ ఫోను కలిపేటప్పుడు

పాల సేకరణ సమయంలో కార్యదర్శికి రెండు చేతులూ చాలవు. ఒక ప్రక్క తూకం, మరొక ప్రక్క వెన్న శాతం చూడటం, ఈలోగా జేబులో ఫోను మ్రోగుతుంది. ఇప్పుడు చాలా సంఘాలలో కంప్యూటరు ఉన్నది కనుక ఫోనుకు వచ్చే కాల్స్, సందేశాలు ఆ తెర మీదే చూసుకునే వీలున్నది. ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో, ఏ విషయంలో జాగ్రత్త పడాలో సంఘాల పాలకవర్గాలకు, కార్యదర్శులకు తెలియజేయటానికి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కంప్యూటరు నుంచి సందేశం పంపటం నిజానికి కొత్త సంగతి కాదు. ప్రపంచంలో మొదటి ఎస్.ఎం.ఎస్. వెళ్ళిందే కంప్యూటరు నుంచి. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటరులో టైపు చేసి ఒక సెల్ ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు.

నేడు మనకు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు. విండోస్ ఉన్న కంప్యూటరులో 'ఫోన్ లింక్' అనే ప్రోగ్రాము ఉన్నది. దానితో కాల్స్ కూడా మాట్లాడవచ్చును. కాల్స్ బ్లూటూత్ ద్వారా వస్తాయి గనుక ఫోను అదే గదిలో ఉండాలి. కంప్యూటరుకు మైకు, స్పీకరు ఉండాలి. రెండవది 'గూగుల్ మెసేజెస్'. ఇది సందేశాలకు మాత్రమే. కంప్యూటరు తెర మీద కనిపించే చదరపు గళ్ళ క్యూ.ఆర్. కోడును ఫోను కెమెరాతో చూపిస్తే రెండూ కలుస్తాయి. గూగుల్ ఖాతా ద్వారా కూడా కలపవచ్చును.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. కంప్యూటరులో సిమ్ లేదు. మనం కీబోర్డు మీద టైపు చేసిన సందేశం ఫోనుకు చేరి, ఫోను నుంచే సభ్యునికి వెళుతుంది. కాబట్టి ఫోను ఆగిపోయినా, సిగ్నల్ లేకపోయినా కంప్యూటరు ఉండి ప్రయోజనం లేదు. సందేశాల లెక్క కూడా ఆ సిమ్ మీదే పడుతుంది.

ఆ లెక్క దగ్గర తెలుగులో వ్రాసేవారికి ఒక చిక్కున్నది. ఇంగ్లీషులో ఒక ఎస్.ఎం.ఎస్.కు 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా ఆ పరిమితి 70కి దిగుతుంది. పైగా గుణింతపు గుర్తు, ఒత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'ప్రెసిడెంటు' మన కంటికి నాలుగు అక్షరాలే; ఫోను లెక్కలో పదకొండు. "శుక్రవారం ఉదయం గాలికుంటు టీకాలు. గేదెలను కేంద్రం వద్దకు తీసుకురండి." అనే వాక్యం చుక్కలు, ఖాళీలతో సహా 67. ఒక సందేశంలో సరిపోతుంది. మర్యాదకు ముందు 'దయచేసి' చేర్చితే 74 అయి, రెండు సందేశాల లెక్క పడుతుంది. 120 మంది సభ్యులున్న సంఘమైతే 120 కాస్తా 240 అవుతుంది. చాలా ప్లానులలో రోజుకు ఉచితం 100 మాత్రమే. మర్యాద మానమని మేము చెప్పటం లేదు, పంపే ముందు ఒకసారి లెక్క చూసుకోమంటున్నాము.

వందలాది మందికి ఒకేసారి పంపవలసి వస్తే మామూలు సిమ్ వాడటం మంచిది కాదు. వ్యాపార సంబంధమైన సందేశాలకు ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా ముందుగా నమోదు కావాలి. నమోదు లేని నంబరుపై ఫిర్యాదులు వస్తే కనెక్షను తొలగించే అవకాశమున్నది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయానికి వస్తాము. ఫోనును కంప్యూటరుకు కలిపితే, ఫోనుకు వచ్చే ప్రతి సందేశమూ తెర మీదికి వస్తుంది. టీకాల కబురుతోపాటు బ్యాంకు పంపే ఓ.టి.పి. కూడా వస్తుంది. సంఘం ఖాతాకు ఏ నంబరు ఇచ్చారో అదే ఫోనును సేకరణ కేంద్రంలోని కంప్యూటరుకు కలిపితే, ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఓ.టి.పి. చదవగలరు. పాలు పోయటానికి వచ్చి వరుసలో నిలబడ్డవారికి కూడా తెర కనిపిస్తూనే ఉంటుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఎవరమూ బల్ల మీద వదిలిపెట్టము. ఇదీ దాదాపు అటువంటిదే. ఆ డబ్బు సభ్యుల పాల బిల్లు.

అందువల్ల మా సలహా ఏమంటే, కబుర్లకు సంఘం పేర వేరే సిమ్, వేరే ఫోను ఉంచుకోవాలి. బ్యాంకు నంబరున్న ఫోనును ఏ కంప్యూటరుకూ కలపకూడదు. ఒక సిమ్ ఖర్చు పెద్దది కాదు. కొంతమంది కార్యదర్శులు తమ సొంత నంబరునే అన్నిటికీ వాడుతున్నారు. వారి ఉద్దేశం మంచిదే, కాని కార్యదర్శి మారిన రోజున నంబరు ఆయన వెంటే వెళ్ళిపోతుంది. సభ్యులు మాత్రం పాత నంబరుకే ఫోను చేస్తుంటారు.

కలిపిన కంప్యూటరుకు పాస్‌వర్డు తప్పక ఉండాలి. నెట్ సెంటరులో గాని, మరొకరి ఆఫీసులో గాని ఫోనును కలపకూడదు. 'ఈ కంప్యూటరును గుర్తుంచుకో' అనే మీట నొక్కి వచ్చేస్తే, మనం ఇంటికి చేరిన తరువాత కూడా మన సందేశాలు అక్కడ కనిపిస్తూనే ఉంటాయి.

ఏయే కంప్యూటర్లు కలిసి ఉన్నాయో ఫోనులోనే చూడవచ్చును. గూగుల్ మెసేజెస్‌లో 'డివైస్ పెయిరింగ్' అనే చోట ఆ వివరం ఉంటుంది. బాధ్యతలు అప్పగించే రోజున క్యాష్ పుస్తకం, తాళాలతోపాటు దీనిని కూడా చూసి, పాతవాటిని తొలగించాలి. గుర్తు తెలియని కంప్యూటరు కనిపిస్తే వెంటనే తొలగించి బ్యాంకుకు తెలపాలి. డబ్బు పోయినట్లు తేలితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.