చిన్న అణువుల పెద్ద గొలుసు

రబ్బరు ముక్క నొకదానిని సాగదీసి విడిచిపెట్టండి. అది వెంటనే తన మునుపటి కొలతకు వచ్చేస్తుంది. బడిపిల్లలకు ఇది ఆట. కాని ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో రసాయన శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద చిక్కుముడి. రబ్బరును గాలి తగలకుండా బాగా కాచినచో అందులోనుండి ఐసోప్రీన్ అనే తేలిక ద్రవం వస్తుంది. దాని అణువులో ఐదు కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు మాత్రమే ఉన్నవి. 34 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరిగిపోయే ఇంత చిన్న అణువులతో అంత సాగే పదార్థం ఎట్లా ఏర్పడినది?

చిన్న అణువులు ఏదో బలహీనమైన ఆకర్షణ వలన గుంపుగా చేరి ఉన్నవి, అంతేనని ఆనాటి పండితులలో పెక్కుమంది చెప్పిన సమాధానం. అనగా సంతలో జనం మూగినట్లే గాని, ఒకరి చెయ్యి మరొకరు పట్టుకొన్నట్లు కాదు. వేలకొలది పరమాణువులతో కూడిన అణువు ఒకటి ఉండగలదని వారు నమ్మలేకపోయినారు.

1920లో స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరంలో ఆచార్యుడుగా ఉన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ఈ మాట కాదన్నాడు. చిన్న అణువులు సాధారణ రసాయన బంధాలతోనే ముడిపడి పొడవైన గొలుసులైనవని ఆయన వాదం. ఇందుకు కొత్త శక్తి ఏదీ అక్కరలేదు. నీటి అణువులో ఉదజనిని, ఆమ్లజనిని కలిపి ఉంచే జాతి బంధమే చాలును.

ఇది మాటలతో తేలే వివాదం కాదు. రబ్బరులో ద్విబంధాలున్నవి, గుంపును కూర్చే బలహీనాకర్షణకు అవే మూలమని ప్రతిపక్షం వారి నమ్మకం. అట్లయితే ఉదజనిని చేర్చి ఆ ద్విబంధాలను తొలగించినచో గుంపు చెదరిపోయి, సులభంగా ఆవిరి కాగల చిన్న అణువులు మిగలవలెను. 1922లో స్టౌడింగర్ తన సహచరునితో కలిసి ఆ పనే చేసి చూసినాడు. గుంపు చెదరలేదు. ఉదజని చేరిన రబ్బరు కూడా ఆవిరి కాకుండా మునుపటి తీరుననే నిలిచినది. అయినప్పటికీ, ఇట్టి బృహదణువులు ఉండజాలవనీ, పదార్థాన్ని ఇంకా శుద్ధిచేస్తే చిన్న అణువులే బయటపడతాయనీ తోటి ఆచార్యులు ఆయనకు హితవు చెబుతూనే వచ్చినారు.

ఈ గొలుసు అల్లిక ఎట్టిది? బడి ఆవరణలోని పిల్లలను తలచుకొనండి. ఒక చేత పలక పట్టుకొన్న బాలుడు మరొకనితో జత కట్టగలడే గాని, వరుసను ముందుకు సాగించలేడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నవారితోనే వరుస పెరుగుతుంది. ఎథిలీన్ వాయువు అణువులో రెండు కర్బన పరమాణువులు రెండేసి చేతులతో ఒకదానినొకటి పట్టుకొని ఉన్నవి. తగిన ఒత్తిడి, వేడి, ప్రేరకం లభించినప్పుడు ఒక పట్టు సడలి, ఒక్కొక్క చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేతులు పక్క అణువులను అందుకొంటాయి. ఈ విధంగా వాయువే పాలిథీన్ అవుతున్నది. గ్రీకు భాషలో ‘పాలి’ అనగా అనేకం, ‘మెరోస్’ అనగా భాగం. పాలిమర్ అనే పేరు అందుండి వచ్చినదే.

అమెరికాలోని డూపాంట్ సంస్థలో వాలస్ కరోథర్స్ మరొక మార్గం పట్టినాడు. రెండు కొసలా ఆమ్ల సమూహాలున్న అణువులను, రెండు కొసలా ఆల్కహాలు సమూహాలున్న అణువులను కలిపినాడు. కలిసిన ప్రతిచోటా ఒక నీటి అణువు వెలువడుతుంది. అయితే కొంత పొడవు రాగానే గొలుసు ఆగిపోయేది. వెలువడిన నీరే తిరిగి బంధాలను తెంచుతున్నది. ఆ నీటిని ఎప్పటికప్పుడు తొలగించగా 1930లో దారంగా సాగే పదార్థం లభించినది. తరువాత ఆల్కహాలుకు బదులు ఎమైన్ సమూహాలు వాడి, 1935లో నైలాన్ సాధించినారు. రెండేళ్లకే, 41వ యేట కరోథర్స్ మరణించినాడు. స్టౌడింగర్‌కు నోబెల్ బహుమానం 1953లో, 72వ యేట లభించినది.

ఆనాడు పండితులు శంకించిన ఆ బంధం ఎంత గట్టిదో నేడు మన మురుగుకాలువలే చెబుతున్నవి. దూదిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ అణువుల గొలుసే. కాని దానిని తెంచే విద్య మట్టిలోని సూక్ష్మజీవులకు తెలుసు. పాలిథీన్ గొలుసు వాటికి సులభంగా లొంగదు. కనుక తరగతిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు నల్లబల్లపై సూత్రం వ్రాసి ఊరుకొనరాదు. ఆ గొలుసు ఉన్నదని ఎట్లా తేలినదో, 1922 నాటి ఆ ప్రయోగం కూడా చెప్పవలెను. ఒక రబ్బరు ముక్కను పిల్లల చేతికిచ్చి ఆరంభిస్తే చాలును.