కొత్త నగర సముదాయాలలో ఒంటరి కారు ప్రయాణాల తగ్గింపు - నిర్మాణానికి ముందే నిర్ణయించుకోవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగరానికి పశ్చిమాన కోకాపేట, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి పరిసరాలలో కార్యాలయాలు, నివాస గృహాలు, దుకాణాలు, హోటళ్లు ఒకే ఆవరణలో ఉండే మిశ్రమ వినియోగ సముదాయాల నిర్మాణం ముమ్మరంగా సాగుతున్నది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో రూపొందించిన నియోపొలిస్ లేఅవుట్‌లోని ప్లాట్లకు 2021 జూలైలోను, 2023 ఆగస్టులోను వేలం నిర్వహించగా, రెండవ వేలంలో ఒక ప్లాటుకు ఎకరం ధర 100 కోట్ల రూపాయలను దాటింది. ఇటువంటి విలువైన భూమిపై వెలిసే భవనాలకు వేలాది మంది ఉద్యోగులు ప్రతి దినం వచ్చిపోతారు. వారిలో అధికులు ఒక్కొక్కరు ఒక్కొక్క కారులో వచ్చినట్లయితే ఆ భారం భవన యజమానిపైన, ఉద్యోగిపైన, ఆ దారిలో బస్సులో ప్రయాణించే సామాన్యునిపైన సమానంగా పడుతుంది. ఈ పరిస్థితిని నివారించడం సాధ్యమే. అయితే అందుకు అవసరమైన నిర్ణయాలలో ముఖ్యమైనవి భవనం ప్రారంభమైన తరువాత కాక, నిర్మాణ ప్రణాళిక దశలోనే తీసుకోవలసి ఉంటుంది.

రోడ్ల విస్తరణ ఒక్కటే చాలదు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబర్‌లో ప్రారంభమైన నాటి నుండి పశ్చిమ ప్రాంతానికి ఉద్యోగాలు తరలివస్తూనే ఉన్నాయి. పెరిగిన రద్దీని తట్టుకొనేందుకు 2018లో మైండ్‌స్పేస్ కూడలి అండర్‌పాస్, 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్, 2023లో కొత్తగూడ ఫ్లైఓవర్ అందుబాటులోకి వచ్చాయి. వీటివల్ల కూడళ్ల వద్ద నిరీక్షణ కొంత తగ్గిన మాట వాస్తవం. అయినప్పటికీ 2023 జూలైలో భారీ వర్షాలు కురిసినప్పుడు, ఉద్యోగులందరూ ఒకేసారి రోడ్ల మీదికి రాకుండా ప్రాంతాలవారీగా వేర్వేరు వేళలలో ఇళ్లకు పంపవలసిందిగా సైబరాబాద్ పోలీసులు ఐ.టి. సంస్థలకు సూచించవలసి వచ్చింది. రోడ్డు ఎంత వెడల్పు చేసినా, ఒకే గంటలో ఒకే దిశగా కదిలే కార్ల సంఖ్యకు హద్దు లేనప్పుడు ఆ వెడల్పు కొద్ది కాలంలోనే నిండిపోతుందని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాల కదలిక కన్నా మనుషుల కదలికకే ప్రాధాన్యం ఇవ్వాలని స్పష్టం చేసింది. కారులో ఉన్నది ఒక్కరైనా నలుగురైనా రోడ్డుపై అది ఆక్రమించే చోటు ఒక్కటే.

మనిషికి 10 చదరపు మీటర్లు, కారుకు 32

పార్కింగ్ లెక్కను పరిశీలిస్తే సమస్య తీవ్రత మరింత స్పష్టమవుతుంది. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2016లో విడుదల చేసిన నమూనా భవన నిర్మాణ ఉపవిధుల ప్రకారం ఒక కారు నిలుపుటకు, అది వచ్చిపోయే దారితో కలిపి, ఆరుబయట 23, స్టిల్ట్ అంతస్తులో 28, సెల్లార్‌లో 32 చదరపు మీటర్ల స్థలం అవసరమవుతుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి కార్యాలయ భవనాలలో ఒక్కొక్క మనిషికి లెక్కగట్టే స్థలం 10 చదరపు మీటర్లు మాత్రమే. అనగా సెల్లార్‌లో నిలిపిన కారు తన యజమాని కూర్చునే చోటుకు మూడు రెట్లకు పైగా స్థలాన్ని ఆక్రమిస్తున్నది. పైగా అది రోజంతా కదలకుండా నిలిచి ఉంటుంది.

ఉదాహరణకు 10,000 మంది పనిచేసే సముదాయంలో 40 శాతం మంది ఒంటరిగా కార్లలో వస్తారనుకుందాం. 4,000 కార్లకు సెల్లార్లలో 1,28,000 చదరపు మీటర్లు కావాలి. ఆ పదివేల మందీ పనిచేసేందుకు కావలసినది 1,00,000 చదరపు మీటర్లే. కారుకు 6 మీటర్ల చొప్పున ఈ 4,000 కార్లను ఒకే వరుసలో నిలిపితే ఆ వరుస 24 కిలోమీటర్లు సాగుతుంది. వీరిలో సగం మంది బస్సులకు మారినట్లయితే, 40 మంది కూర్చునే బస్సులు 50 ట్రిప్పులలో వారిని చేరవేయగలవు. 64,000 చదరపు మీటర్ల సెల్లార్ నిర్మాణం తప్పుతుంది. గట్టి రాతి నేల గల హైదరాబాద్ పశ్చిమ ప్రాంతంలో ఒక్కొక్క సెల్లార్ కోసం రాయిని తొలిచేందుకు అయ్యే ఖర్చు, కాలయాపన నిర్మాణదారులకు తెలియనివి కావు.

మన భవన నిర్మాణ నియమాలు, అనగా 2012 ఏప్రిల్‌లో జారీ అయిన జి.ఓ. 168, పార్కింగ్‌ను మొత్తం నిర్మిత విస్తీర్ణంలో కనీస శాతంగా నిర్దేశించాయి. వాహనాలు వీధులలో నిలవకుండా చూడడం ఇటువంటి నిబంధనల ఉద్దేశం. ఆ స్థలాన్ని ఎవరికి, ఏ ధరకు, ఏ ప్రాధాన్యంతో ఇవ్వాలనేది మాత్రం యాజమాన్యాల చేతిలోనే ఉన్నది. ఒంటరి ప్రయాణాలను తగ్గించే ప్రయత్నం అక్కడి నుండే ప్రారంభం కావాలి.

ఉచిత పార్కింగ్ ఎవరికి ఉచితం?

కార్యాలయ సముదాయాలలో ఉద్యోగికి పార్కింగ్ ఉచితంగా లభించినప్పుడు దాని వ్యయం సంస్థ చెల్లించే అద్దెలో కలిసిపోతుంది. ఫలితంగా కారులో వచ్చే ఉద్యోగికి ప్రతి నెలా కొంత ప్రయోజనం సమకూరుతుండగా, బస్సులోనో మెట్రోలోనో వచ్చే ఉద్యోగికి అది దక్కదు.

ఈ తేడాను తొలగించేందుకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1992లో ఒక చట్టం చేసింది. పార్కింగ్ స్థలాన్ని అద్దెకు తీసుకొని ఉద్యోగులకు ఉచితంగా ఇచ్చే నిర్ణీత స్థాయి సంస్థలు, ఆ స్థలం వద్దన్న ఉద్యోగికి దాని విలువను నగదుగా చెల్లించాలన్నది ఆ చట్ట సారాంశం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు డొనాల్డ్ షూప్ దీనిని అమలు చేసిన 8 సంస్థలను అధ్యయనం చేసి 1997లో ఫలితాలను ప్రచురించారు. ఒంటరిగా కారులో వచ్చేవారు 76 శాతం నుండి 63 శాతానికి తగ్గారు. ఉమ్మడిగా కారులో వచ్చేవారు 14 శాతం నుండి 23 శాతానికి పెరిగారు. ఇక్కడ ఎవరికీ కారు నిషేధించలేదు. కారులో రావాలా, నగదు తీసుకోవాలా అన్నది ఉద్యోగి ఇష్టానికే వదలివేశారు. ప్రజలు మారరన్న అభిప్రాయం సరికాదని, ఎదుట నిలిచే లెక్క మారితే నడవడిక కూడా మారుతుందని ఈ అధ్యయనం నిరూపించింది.

నెలవారీ రుసుము కన్నా దినసరి రుసుము మేలైనది. నెలకు ఒకేసారి చెల్లించినవారు, చెల్లించిన సొమ్ము వృథా కాకూడదని ప్రతి దినం కారు తీస్తారు. ఏ రోజుకు ఆ రోజు చెల్లించేవారు వారంలో రెండు రోజులైనా వేరే మార్గం ఆలోచిస్తారు.

అనుమతితో పాటే షరతు

మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ నగరం 1998లో తెచ్చిన నిబంధన ఈ విషయంలో గమనార్హమైనది. గృహేతర భవనాలకు నిర్ణీత సంఖ్యకు మించి పార్కింగ్ కోరే యజమాని, ఒంటరి కారు ప్రయాణాలను ఎంత శాతానికి పరిమితం చేయగలడో, అందుకు ఏయే సౌకర్యాలు కల్పిస్తాడో ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయాలి. పెద్ద సముదాయాలు ఏటేటా సర్వే జరిపి ఫలితాలను నగర పాలక సంస్థకు సమర్పించాలి. విద్యాలయం, నివాసాలు, ఆసుపత్రి కలిసి ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి శాంటా క్లారా కౌంటీ 2000లో కొత్త నిర్మాణాలకు అనుమతినిస్తూ, రద్దీ వేళల్లో కారు ప్రయాణాలు అదనంగా పెరగరాదని షరతు విధించింది. బస్సులు, రాయితీ పాస్‌లు, పార్కింగ్ రుసుముల ద్వారా అక్కడ ఒంటరి కారు ప్రయాణికుల వాటా 70 శాతం పైనుండి సుమారు 50 శాతానికి తగ్గింది.

ఈ రెండు ఉదాహరణలలోనూ లక్ష్యం ముందే నిర్ణయించారు, ప్రతి సంవత్సరం లెక్కించారు. లెక్కలు లేని ప్రచార కార్యక్రమాలు కొద్ది వారాలకే మరుగున పడిపోతాయి.

అన్నీ ఒకే చోట ఉన్నా...

నివాసం, కార్యాలయం పక్కపక్కనే ఉంటే ప్రయాణ సమస్య తనంతట తానే తీరుతుందన్న భావన కొంతవరకే సరైనది. సముదాయంలో ఇల్లు కొన్నవారు అందులోనే ఉద్యోగం చేయకపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వారి కార్యాలయాలు వేర్వేరు దిక్కులలో ఉండవచ్చు. ఉద్యోగం మారినంత తేలికగా ఇల్లు, పిల్లల బడి మారవు.

మిశ్రమ వినియోగం వల్ల కలిగే అసలు మేలు మరొకటి ఉన్నది. మధ్యాహ్న భోజనం, బ్యాంకు, మందుల షాపు, పిల్లల సంరక్షణ కేంద్రం నడిచి వెళ్లే దూరంలో ఉన్నప్పుడు, పగటి పనుల కోసం కారు దగ్గర ఉంచుకోవలసిన అవసరం తప్పుతుంది. అయితే సముదాయంలోని దారులు నడవడానికి అనువుగా ఉండాలి. ఎదురుగా కనిపించే భవనానికి చేరేందుకు ప్రహరీ చుట్టూ తిరిగి వాహనాల గేటు గుండా వెళ్లవలసివస్తే ఈ ప్రయోజనం దక్కదు.

చివరి రెండు కిలోమీటర్లు

నాగోల్ నుండి వచ్చే మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే సంవత్సరం నవంబర్‌లో రాయదుర్గం వరకు అందుబాటులోకి వచ్చింది. 2003లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు హైటెక్ సిటీ, లింగంపల్లి స్టేషన్ల మీదుగా నడుస్తున్నాయి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట మాత్రం ఈ స్టేషన్లకు నడక దూరంలో లేవు. రైలు దిగిన ఉద్యోగి అక్కడి నుండి ఆటో కోసం ఎంత సేపు వేచి ఉండాలో తెలియకపోతే ఇంటి వద్దనే కారు తాళం చేతిలోకి తీసుకుంటాడు.

అందుచేత స్టేషన్ నుండి సముదాయం వరకు తెలిసిన వేళకు నడిచే షటిల్ బస్సు అత్యవసరం. ఒక్కొక్క సంస్థ విడివిడిగా బస్సులు నడిపితే సగం ఖాళీగా తిరుగుతాయి. సముదాయంలోని సంస్థలన్నీ కలిసి నడిపితే అదే ఖర్చుతో బస్సులు తరచుగా నడుస్తాయి. సైబరాబాద్ భద్రతా మండలి సొసైటీ 2015లో మహిళా ఉద్యోగుల కోసం ప్రారంభించిన ఉచిత ‘షీ షటిల్’ బస్సులు ఇటువంటి ఉమ్మడి ఏర్పాటు సాధ్యమేనని తెలియజేశాయి. 2023 డిసెంబర్ 9 నుండి రాష్ట్ర మహిళలకు ఆర్.టి.సి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కూడా అమలులోకి వచ్చింది. బస్సు స్టాప్ నుండి కార్యాలయ ద్వారం వరకు నీడ, దీపాలు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ ఉన్నప్పుడే ఈ సౌకర్యాలు పూర్తిగా వినియోగపడతాయి.

తిరిగి ఇల్లు చేరగలమన్న భరోసా

కారు విడిచి రావడానికి ఉద్యోగులు వెనుకాడేందుకు రద్దీ కన్నా పెద్ద కారణం అనిశ్చితి. బడి నుండి పిల్లవాడికి జ్వరమని ఫోను వస్తే ఏమి చేయాలి? సమావేశం రాత్రి తొమ్మిది దాటితే ఎలా వెళ్లాలి? ఈ ప్రశ్నలకు సమాధానంగా బస్సు, మెట్రో లేదా ఉమ్మడి కారులో వచ్చిన ఉద్యోగికి అత్యవసర సమయంలో సంస్థ ఖర్చుతో క్యాబ్ ఏర్పాటు చేసే పద్ధతి పలు దేశాలలో అమలులో ఉన్నది. దీనిని వినియోగించుకోవలసిన సందర్భాలు అరుదు కనుక వ్యయం స్వల్పం. అది ఉన్నదన్న ధైర్యమే ఉద్యోగి నిర్ణయాన్ని మారుస్తుంది.

ఉమ్మడి కారు ప్రయాణాలలో ఒకే సంస్థ లేక ఒకే సముదాయానికి చెందినవారిని జతపరచడం భద్రత దృష్ట్యా శ్రేయస్కరం. సొంత కారును కిరాయికి తిప్పేందుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరమన్న విషయాన్ని కూడా ఉద్యోగులకు తెలియజేయాలి.

జాగ్రత్త వహించవలసిన అంశాలు

కారుకు రుసుము విధించి, బస్సు ఏర్పాటు చేయకపోతే ఉద్యోగులు ద్విచక్ర వాహనాలకు మారతారు. ప్రమాదాలలో అధికంగా గాయపడేది వారే కనుక ఇది పరిష్కారం అనిపించుకోదు. దివ్యాంగులు, గర్భిణులు, రోగులను చూసుకోవలసినవారు, రాత్రి విధులలో ఉండేవారికి పార్కింగ్‌లో మినహాయింపు తప్పనిసరి. పారిశుద్ధ్య కార్మికులు, భద్రతా సిబ్బంది, దుకాణాలలో పనిచేసేవారిని కూడా షటిల్ బస్సులలో అనుమతించాలి. సముదాయానికి అందరికన్నా ముందు వచ్చేది, అందరికన్నా ఆలస్యంగా వెళ్లేది వారే.

ముఖ్యాంశాలు

* పార్కింగ్ స్థలాన్ని కార్యాలయ అద్దెతో కలపకుండా విడిగా లెక్కించాలి. దినసరి రుసుము విధించాలి.
* పార్కింగ్ వినియోగించని ఉద్యోగికి ప్రయాణ భత్యం చెల్లించాలి.
* లిఫ్టుకు దగ్గరలోని స్థలాలను దివ్యాంగులకు, ఆ తరువాత ముగ్గురు లేక అంతకు మించి కలిసి వచ్చే కార్లకు కేటాయించాలి.
* మొదటి ఉద్యోగి వచ్చే నాటికే షటిల్ బస్సులు సిద్ధంగా ఉండాలి.
* రాకపోకల వేళలను సంస్థలు పరస్పర సంప్రదింపులతో సర్దుబాటు చేసుకోవాలి.
* సముదాయానికంతటికీ ఒక రవాణా సమన్వయకర్తను నియమించి, ప్రతి సంవత్సరం సర్వే ఫలితాలను ప్రకటించాలి.

ఉద్యోగి కొత్త కార్యాలయానికి వచ్చిన మొదటి వారాలలో ఏర్పడిన ప్రయాణపు అలవాటు ఏళ్ల తరబడి కొనసాగుతుంది. తవ్విన సెల్లార్‌ను పూడ్చడం, కొన్న కారును ఇంటి వద్ద ఉంచమనడం రెండూ కష్టమే. పునాది దశలో ఉన్న సముదాయాలకు ఈ అవకాశం నేటికీ చేతిలో ఉన్నది. నిర్మాణదారులు, సంస్థల యాజమాన్యాలు దీనిని సద్వినియోగం చేసుకోవాలి. ఉద్యోగులు సైతం వారానికి ఒక్క రోజుతోనైనా మొదలుపెట్టి, తోటివారితో కలిసి ప్రయాణించేందుకు ముందుకు రావలసి ఉన్నది.