డ్రోన్‌ను ఆపేది ఎలా? సూర్యలంక మిసైల్ నుంచి కర్నూలు లేజర్ వరకు యాంటీ డ్రోన్ టెక్నాలజీ

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు డ్రోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక కోరిక ఉంటుంది: సూర్యలంక బీచ్ మీద పొద్దున్నే ఒక మంచి ఏరియల్ షాట్ తీయాలి. కానీ బ్యాగ్‌లోంచి డ్రోన్ తీసే ముందు ఒక విషయం తెలుసుకోండి. సూర్యలంకలో ఉన్నది బీచ్ ఒక్కటే కాదు, ఇండియన్ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ కూడా ఉంది. గాల్లోకి వచ్చే టార్గెట్లను మిసైల్స్‌తో కూల్చడం వాయుసేన ప్రాక్టీస్ చేసే చోటు అది.

2023 డిసెంబర్ 12న అక్కడే 'అస్త్రశక్తి' ఎక్సర్‌సైజ్‌లో ఆకాశ్ మిసైల్ సిస్టమ్ ఒక పెద్ద ఫీట్ చేసింది. ఒకే ఫైరింగ్ యూనిట్ నుంచి, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఎగురుతున్న 4 పైలట్ లేని టార్గెట్లను ఒకేసారి కొట్టింది. కమాండ్ గైడెన్స్‌తో ఇలా చేసిన మొదటి దేశం మనదేనని డీఆర్‌డీఓ ప్రకటించింది. 25 కిలోమీటర్లంటే ఎంతో అర్థం కావాలంటే, సూర్యలంక నుంచి పొన్నూరు దాదాపు అంత దూరం ఉంటుంది.

మరి ఇంత పవర్‌ఫుల్ మిసైల్ ఉండగా డ్రోన్లంటే భయం ఎందుకు? యుద్ధంలో వందల డ్రోన్లు ఒకేసారి వస్తే అన్నింటి మీదా ఆకాశ్ వదిలేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకో, దాని బదులు ఏం వాడుతున్నారో సింపుల్‌గా చూద్దాం.

అసలు సమస్య టెక్నాలజీ కాదు, ధర

మన పెద్దవాళ్లు 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' అంటారు కదా, డ్రోన్ డిఫెన్స్‌లో అసలు తలనొప్పి అదే. 2017లో అమెరికా ఆర్మీ జనరల్ డేవిడ్ పెర్కిన్స్ ఒక మీటింగ్‌లో చెప్పిన సంగతి ఇది: తమ మిత్రదేశం ఒకటి 200 డాలర్ల క్వాడ్‌కాప్టర్‌ను కూల్చడానికి దాదాపు 30 లక్షల డాలర్ల పేట్రియాట్ మిసైల్ వాడిందట. డ్రోన్ కూలింది నిజమే, కానీ లెక్క చూస్తే గెలిచింది ఎవరు?

2021 జూన్ 27న జమ్మూ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో చిన్న బాంబులు వేశారు. మన దేశంలో ఒక మిలిటరీ బేస్ మీద జరిగిన మొదటి డ్రోన్ దాడి అదే. నాలుగేళ్లు తిరక్కుండానే సీన్ మారిపోయింది. ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 8 రాత్రి నుంచి 9 తెల్లవారేలోపు, పాకిస్తాన్ 36 చోట్ల సుమారు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. వాటి ఉద్దేశం బాంబులు వేయడం ఒక్కటే కాదు. మన ఎయిర్ డిఫెన్స్ ఎలా స్పందిస్తుందో చూడటం, సమాచారం సేకరించడం కూడా.

అంటే ప్రతి డ్రోన్‌కూ ఒక మిసైల్ వదిలితే శత్రువు కోరుకున్నదే మనం చేసినట్టు. స్టాక్ అయిపోతుంది, రాడార్లు ఎక్కడున్నాయో బయటపడుతుంది, ఆ తర్వాత అసలైన దాడి వస్తుంది. అందుకే ఖరీదైన మిసైల్‌ను ఫైటర్ జెట్, క్రూయిజ్ మిసైల్, పెద్ద డ్రోన్ల కోసం దాచిపెట్టి, చిన్నవాటిని చవకగా ఆపాలి.

ముందు కనిపించాలి కదా!

కూల్చడం తర్వాతి సంగతి, అసలు డ్రోన్‌ను కనిపెట్టడమే కష్టం. చేతిలో పట్టే ప్లాస్టిక్ డ్రోన్ రాడార్‌కు ఒక పక్షిలా కనిపిస్తుంది. పైగా తాటిచెట్ల ఎత్తులో వస్తుంది. అందుకే ఒక్క సెన్సర్‌ను నమ్ముకోరు, నాలుగు కలిపి వాడతారు.

రాడార్: కొత్త రాడార్లు వస్తువు సైజుతో పాటు ప్రొపెల్లర్లు తిరిగే తీరును కూడా చదువుతాయి. కొంగ రెక్కలు ఊపే పద్ధతికి, డ్రోన్ రెక్కలు తిరిగే పద్ధతికి తేడా సిగ్నల్‌లో తెలిసిపోతుంది.

ఆర్ఎఫ్ సెన్సర్: మామూలు డ్రోన్, దాని రిమోట్ ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్‌లో మాట్లాడుకుంటాయి. మీ ఇంటి వైఫై వాడేదీ ఇవే బ్యాండ్లు. ఈ సెన్సర్ ఆ మాటలు వింటుంది. ఒక్కోసారి డ్రోన్ ఎగరేస్తున్న మనిషి ఎక్కడున్నాడో కూడా చెప్పేస్తుంది.

కెమెరా, థర్మల్: రాడార్ చూపించిన చుక్క నిజంగా డ్రోనేనా అని కంటితో కన్ఫర్మ్ చేసేది ఇదే.

మైక్రోఫోన్లు: మోటార్ శబ్దాన్ని గుర్తుపడతాయి. ఉక్రెయిన్ వేల కొద్దీ మైకులను స్తంభాల మీద పెట్టి, వాటితో డ్రోన్ల దారిని ట్రాక్ చేస్తోంది.

ఇప్పుడు టైమ్ లెక్క చూడండి. ఊహకే అనుకుందాం: నిజాంపట్నం తీరం దగ్గర సముద్రం మీద నుంచి షాహెద్ టైపు డ్రోన్ ఒకటి తెనాలి వైపు వస్తోంది. దూరం సుమారు 38 కిలోమీటర్లు, స్పీడ్ గంటకు 180 కిలోమీటర్లు. అంటే నిమిషానికి 3 కిలోమీటర్లు, మొత్తం 13 నిమిషాల లోపే. అదే చిన్న క్వాడ్‌కాప్టర్ గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్‌తో వస్తుంటే, సెన్సర్ దాన్ని 4 కిలోమీటర్ల దూరంలో పట్టుకుంటే చేతిలో ఉండేది 4 నిమిషాలే. గుర్తించడం, శత్రువుదో మనదో తేల్చడం, ఏ ఆయుధం వాడాలో నిర్ణయించడం, కొట్టడం అన్నీ ఆ 4 నిమిషాల్లోనే!

సాఫ్ట్ కిల్: గుండు పేల్చకుండా దించేయడం

అన్నింటికంటే చవకైన పద్ధతి జామింగ్. రిమోట్ సిగ్నల్ కంటే గట్టిగా అదే ఫ్రీక్వెన్సీలో గోల చేస్తే డ్రోన్‌కు రిమోట్ మాట వినపడదు. పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు అన్నమాట. సిగ్నల్ పోగానే చాలా డ్రోన్లు కిందికి దిగిపోతాయి, లేదా బయల్దేరిన చోటికి వెనక్కి వెళ్తాయి.

రెండోది స్పూఫింగ్. జీపీఎస్ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన ఉంటాయి, కాబట్టి వాటి సిగ్నల్ మన దగ్గరికి వచ్చేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. దగ్గరి నుంచి అంతకంటే బలమైన దొంగ సిగ్నల్ ఇస్తే డ్రోన్ తాను వేరే చోట ఉన్నానని నమ్మేస్తుంది, దారి తప్పుతుంది.

డీఆర్‌డీఓ తయారుచేసిన డీ4 సిస్టమ్‌లో ఈ పద్ధతులే ఉన్నాయి. కనిపెట్టడం, జామ్ చేయడం, అప్పటికీ ఆగకపోతే లేజర్‌తో కాల్చడం, మూడూ ఒకే ప్యాకేజీలో వస్తాయి. తయారీ భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. హైదరాబాద్‌కు చెందిన జెన్ టెక్నాలజీస్, గ్రీన్ రోబోటిక్స్ లాంటి ప్రైవేట్ కంపెనీలు కూడా ఈ రంగంలోనే ఉన్నాయి.

జామర్‌కు లొంగని డ్రోన్

జామర్లు పెరిగేసరికి డ్రోన్లు చేసేవాళ్లు ఊరుకుంటారా? ఉక్రెయిన్ యుద్ధంలో ఫైబర్ ఆప్టిక్ డ్రోన్లు వచ్చాయి. మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ లాంటిదే, దారం కంటే సన్నగా, ఒక చుట్టగా డ్రోన్‌కు కట్టి ఉంటుంది. ఎగిరే కొద్దీ అది విప్పుకుంటూ పోతుంది. కంట్రోల్, వీడియో రెండూ ఆ తీగలోనే నడుస్తాయి. రేడియో సిగ్నలే లేదు కాబట్టి జామ్ చేయడానికి ఏమీ లేదు. ఆర్ఎఫ్ సెన్సర్‌కు వినపడేదీ ఏమీ లేదు.

దీనికి ఉక్రెయిన్ వెతుక్కున్న విరుగుడు ఏంటో తెలుసా? చేపల వలలు! యుద్ధం జరిగే చోట రోడ్ల మీద రెండు పక్కలా స్తంభాలు పాతి, పైన పందిరిలా వలలు కట్టారు. డ్రోన్ వచ్చి వలలో చిక్కుకుంటుంది, లేదా ప్రొపెల్లర్‌కు దారం చుట్టుకుని ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో జాలర్లు వాడి పక్కన పెట్టిన వలలు కూడా ఇందుకోసం ఉక్రెయిన్‌కు వెళ్లాయి. మన నిజాంపట్నం హార్బర్‌లో కుప్పలుగా కనిపించే వలలు ఒక యుద్ధంలో డిఫెన్స్ టెక్నాలజీ అవుతాయని పదేళ్ల కిందట ఎవరైనా అంటే నవ్వేవాళ్లం.

పాత తుపాకులకు కొత్త కళ్లు

2025 మేలో మన సైన్యం డ్రోన్ల మీద వాడిన వాటిలో ఎల్-70, జడ్‌యూ-23, షిల్కా తుపాకులు ఉన్నాయి. వీటి డిజైన్లు మన తాతల కాలం నాటివి. అయినా ఎందుకు పనికొచ్చాయి? అప్‌గ్రేడ్ చేసిన ఎల్-70కి కొత్త కెమెరాలు, ఆటోమేటిక్ ట్రాకింగ్ పెట్టారు. అది నిమిషానికి దాదాపు 300 గుండ్లు పేలుస్తుంది. గుండు ధర మిసైల్ ధరతో పోలిస్తే లెక్కలోకే రాదు. పాత ఫోన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే మళ్లీ పరిగెత్తినట్టే ఇదీ. మైనస్ ఏంటంటే రేంజ్ కొన్ని కిలోమీటర్లే. అందుకే కాపాడాల్సిన చోటుకు దగ్గరగానే పెట్టాలి.

కర్నూలు లేజర్

2025 ఏప్రిల్ 13న కర్నూలులోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీఓ ఒక లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. పేరు ఎంకే-2ఏ, పవర్ 30 కిలోవాట్లు. తయారుచేసింది హైదరాబాద్‌లోని చెస్ ల్యాబ్. ఇది ఫిక్స్‌డ్ వింగ్ డ్రోన్‌ను కూల్చింది, గుంపుగా వచ్చిన డ్రోన్లను ఆపింది, నిఘా కెమెరాలను, యాంటెన్నాలను పాడుచేసింది.

లేజర్ గొప్పతనం మళ్లీ ధర దగ్గరే ఉంది. కొన్ని సెకన్లు కాల్చడానికి అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోల్ ఖర్చంత ఉంటుందని డీఆర్‌డీఓ చెప్పింది. గుండ్లు అయిపోవడమనే సమస్య లేదు, కరెంట్ ఉంటే చాలు.

కానీ లేజర్ ఒక్కటే అన్నీ చేసేస్తుందనుకుంటే పొరపాటే. ఒకే చోట కొన్ని సెకన్లు కదలకుండా పడితేనే డ్రోన్ కాలుతుంది, కాబట్టి ఒకసారికి ఒక్క టార్గెటే. వాన, దుమ్ము, పొగమంచు ఉంటే కిరణం బలం తగ్గిపోతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున తెనాలి - రేపల్లె రోడ్డు మీద బైక్ నడిపిన వాళ్లకు హెడ్‌లైట్ ఎంత దూరం పోతుందో తెలుసు. లేజర్‌కూ అదే కష్టం.

గుంపుగా వచ్చేవాటికి ఇంకో మార్గం హై పవర్ మైక్రోవేవ్. ఇది డ్రోన్‌ను కాల్చదు, లోపలి ఎలక్ట్రానిక్స్‌ను ఒక్క దెబ్బకు పనిచేయకుండా చేస్తుంది. వెడల్పుగా వెళ్తుంది కాబట్టి ఒకేసారి చాలా డ్రోన్లు పడతాయి, కానీ రేంజ్ తక్కువ. ఇక ఉక్రెయిన్ ఇప్పుడు ఎక్కువగా నమ్ముకుంటున్నది ఇంటర్‌సెప్టర్ డ్రోన్లను. కొన్ని వేల డాలర్ల డ్రోన్ వెళ్లి అంతకంటే ఎంతో ఖరీదైన షాహెద్‌ను ఢీకొడుతుంది.

ఒక్క చూపులో

• జామింగ్: చాలా చవక. ఫైబర్ డ్రోన్ మీద, రిమోట్ లేకుండా సొంతంగా ఎగిరే డ్రోన్ మీద పనిచేయదు.
• వలలు: చవక. ఉన్న చోటునే కాపాడతాయి.
• తుపాకులు: చవక. రేంజ్ తక్కువ.
• లేజర్: ఒక్కో షాట్ చవక, మెషీన్ ఖరీదు. వాతావరణం బాగుండాలి.
• మైక్రోవేవ్: గుంపులకు బెస్ట్. రేంజ్ తక్కువ.
• మిసైల్: రేంజ్, పవర్ ఎక్కువ. ధర కూడా ఎక్కువే.

విన్నర్ ఎవరు?

ఫోన్ల పోలికలో చివర ఒక విన్నర్‌ను చెప్తాం. ఇక్కడ విన్నర్ లేడు. ఒకటి వదిలేసినదాన్ని ఇంకొకటి పట్టుకోవాలి. అందుకే ఇప్పుడు పోటీ అంతా వీటిని కలిపే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో డీఆర్‌డీఓ చేసిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. రెండు ఫాస్ట్ ఫిక్స్‌డ్ వింగ్ డ్రోన్లు, ఒక మల్టీకాప్టర్ వేర్వేరు దూరాల్లో వస్తుంటే, క్యూఆర్‌శామ్ మిసైల్, చిన్న రేంజ్ వీషోరాడ్స్ మిసైల్, చెస్ లేజర్ మూడూ ఒకే కమాండ్ సెంటర్ కింద పనిచేసి వాటిని కూల్చాయి. ఏది దేన్ని కొట్టాలో ఆ సెంటరే పంచింది. ఆ కమాండ్ సెంటర్‌ను తయారుచేసింది కూడా హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ ల్యాబే. బాపట్లలోనో గుంటూరులోనో ఈసీఈ, సీఎస్ఈ చదువుతున్నవాళ్లు ఒకసారి గమనించండి: రేడియో సిగ్నల్స్, ఇమేజ్ ప్రాసెసింగ్, సెన్సర్ డేటా కలపడం, ఇవన్నీ మీ సిలబస్‌లో ఉన్నవే.

మరి మీ డ్రోన్ సంగతి?

పైన చెప్పిన సెన్సర్లకు మీరు రీల్ తీస్తున్నారా, ఇంకేదైనా చేస్తున్నారా అన్నది తెలియదు. వాటికి కనిపించేది ఒక చుక్క మాత్రమే. కాబట్టి ఎగరేసే ముందు ఇవి చూసుకోండి:

• డిజిటల్ స్కై మ్యాప్‌లో మీరున్న చోటు ఏ జోన్‌లో ఉందో చెక్ చేయండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు పర్మిషన్ అక్కర్లేదు. ఎల్లో జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పర్మిషన్ ఉండాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా ఎగరేయకూడదు.
• సూర్యలంక లాంటి చోట మ్యాప్‌లో చూశాక కూడా లోకల్ పోలీసులను అడగడం మంచిది. ఎయిర్ ఫోర్స్ స్టేషన్ వైపు మాత్రం అసలు వెళ్లొద్దు.
• సరిహద్దులో టెన్షన్ ఉన్న రోజుల్లో చాలా చోట్ల డ్రోన్ల మీద తాత్కాలికంగా నిషేధం పెడతారు. ఆ రోజుల్లో డ్రోన్‌ను బ్యాగ్‌లోనే ఉంచండి.
• ఆన్‌లైన్‌లో జామర్ దొరికిందని కొనకండి. మన దేశంలో ప్రైవేట్ వ్యక్తులు జామర్ కొనడం, వాడడం చట్టవిరుద్ధం.

సూర్యలంకలో ఆ షాట్ బాగానే వస్తుంది. కాకపోతే ముందు మ్యాప్ చూడండి, ఆ తర్వాతే టేకాఫ్.