పైలోనిడల్ సైనస్: ఆపరేషన్ తర్వాత వెంట్రుకల సంగతి

పిరుదుల మధ్య గాడిలో, తోక ఎముకకు కాస్త పైన గడ్డ లేస్తే చోడవరం చుట్టుపక్కల ఎవరైనా ముందు సెగ్గడ్డ అనే అనుకుంటారు. చీము కారడం మొదలయ్యాక మొలలేమో, ఫిస్టులా ఏమో అని భయపడి, గోడల మీద ప్రకటనలు చూసి ఎవరి దగ్గరికో వెళ్తారు. నెలలు గడిచాక ఏ సర్జనో చూసి పైలోనిడల్ సైనస్ అని తేల్చి ఆపరేషన్ చేస్తారు. కుట్లు విప్పగానే పీడ వదిలిందనుకుంటాం. కానీ డాక్టర్ తీసేసింది లోపల పేరుకున్న గూడును మాత్రమే. దానికి కారణమైన వెంట్రుకలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి.

ఈ జబ్బు ఎక్కువగా పదిహేను నుంచి ముప్పయ్యేళ్ల మధ్య వస్తుంది. ఆడవాళ్ల కంటే మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఒత్తుగా వెంట్రుకలు, లోతైన గాడి, అధిక బరువు, గంటల తరబడి కూర్చునే పని, ఇవన్నీ తోడవుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 80,000 మంది అమెరికన్ సైనికులు దీనితో ఆసుపత్రుల్లో చేరారు. కుదుపుల బండ్లలో తిరిగేవాళ్లకు వస్తోందని అప్పట్లో దీన్ని ‘జీపు జబ్బు’ అన్నారు. చోడవరం మీదుగా వెళ్లే బి.ఎన్. రోడ్డు గుంతల్లో రోజూ బండి నడిపేవాళ్లకూ, గోవాడ చక్కెర మిల్లుకు చెరకు తోలిన ట్రాక్టరు డ్రైవర్లకూ ఆ కుదుపు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

గూడులో దొరికే వెంట్రుక అక్కడే మొలిచి లోపలికి పెరిగిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది వేరు. రాలిన వెంట్రుక గాడిలో చిక్కుకుని, రాపిడికి చర్మంలో దూరుతుంది. వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. గడ్డి వెన్నును చొక్కా చేతిలో పెట్టుకుంటే కదిలినకొద్దీ పైపైకే పాకుతుంది, వెనక్కి రాదు. ఇదీ అంతే. జర్మనీ సర్జన్లు ఈ గూళ్లలోని వెంట్రుకలను పరీక్షిస్తే వాటిలో చాలా భాగం తల వెనక నుంచి రాలిన పొట్టి ముక్కలేనని తేలింది. అందుకే క్షవరం చేయించుకున్న రోజు, సింహాచలంలో అప్పన్నకు తలనీలాలిచ్చిన రోజు, నెత్తిన నీళ్లు పోసుకుంటే చాలదు. వీపు కింద గాడి దాకా చేత్తో శుభ్రంగా కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి.

గాయం ఎన్నాళ్లకు మానుతుందనేది ఆపరేషన్‌ను బట్టి ఉంటుంది. గాయాన్ని తెరిచి వదిలేస్తే అడుగు నుంచి కండ పూడాలి. దానికి నెలన్నర నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పక్క చర్మాన్ని జరిపి కప్పే లింబర్గ్, కరిడాకిస్ పద్ధతుల్లో త్వరగా కోలుకుంటారు. గాడి నట్టనడుమ నిలువుగా కుట్టిన కుట్టు విడిపోవడం, జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. మీకు చేసింది ఏదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. మొదటి వారాల్లో పక్కకు గాని బోర్లా గాని పడుకోవాలి. బైకు, బరువులు మోయడం డాక్టర్ సరేననేదాకా వద్దు. తెరిచి వదిలిన గాయాన్ని రోజూ ధారగా నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, డ్రెస్సింగ్ మార్చుకోవాలి. పసుపు, ఆకు పసరు, బూడిద లోపల పెట్టకూడదు. జ్వరం, దుర్వాసన, కొత్తగా చీము కనిపిస్తే ఆ రోజే చూపించుకోవాలి.

పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో పథ్యం పెడతారు. గుడ్డు కూడా మాన్పిస్తారు. గాయం పూడటానికి శరీరానికి కావలసిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు తిననివ్వండి. మానాల్సింది సిగరెట్టు, చుట్ట. షుగర్ ఉంటే అదుపులో పెట్టాలి.

ఇక వెంట్రుకలు. గాయం మానుతున్నన్ని రోజులూ దాని అంచుల చుట్టూ వెంట్రుకలను ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించి, తెగిన ముక్కలను వెంటనే కడిగేయాలి. ఒక్కరికి సాధ్యమయ్యే పని కాదు. భార్యో, అన్నో, అమ్మో చూసి చేయాలి. సిగ్గుపడి వదిలేస్తే మళ్లీ ఆపరేషన్ దాకా రావచ్చు. అలాగని ఏళ్ల తరబడి రేజరుతో గీసుకోవడమూ మేలు చేయదు. 2009లో జర్మనీలో వచ్చిన అధ్యయనంలో రేజరు వాడుతూ వచ్చినవారిలోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. హెయిర్ రిమూవర్ క్రీములు మానని గాయానికి తగలకూడదు. మానాకైనా ముందు మోచేయి దగ్గర రాసి చూడాలి.

ఖర్చు భరించగలిగితే నా ఓటు లేజర్‌కే. లేజర్ కాంతిని వెంట్రుకలోని నల్లరంగు పీల్చుకుంటే ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే ఇది పనిచేస్తుంది కాబట్టి వారాల ఎడంతో ఐదారు సార్లు వెళ్లాలి. నెరిసిన వెంట్రుక మీద పనిచేయదు. మన చామనఛాయ, నల్లటి చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ క్షేమం. వేరే యంత్రమైతే కాలే ప్రమాదం ఎక్కువ. సిటింగుకు ముందు పీకడం, వాక్సింగ్ చేయకూడదు. 2023లో అమెరికాలోని కొలంబస్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 11 నుంచి 21 ఏళ్ల మధ్య 302 మందిపై చేసిన పరిశోధన ఫలితం ప్రచురించారు. శుభ్రతతో పాటు షేవింగ్, క్రీములతో సరిపెట్టినవారిలో ఏడాదిలో నూటికి దాదాపు 34 మందికి తిరగబెడితే, వాటితోపాటు లేజర్ కూడా చేయించుకున్నవారిలో నూటికి 10 మందికే తిరగబెట్టింది.

గాయం పూర్తిగా మానాకే లేజర్. బ్యూటీ పార్లర్‌లో కాకుండా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర చేయించుకోవాలి. వెంట్రుకల జాగ్రత్త కనీసం ముప్పయ్యేళ్ల వయసు దాటేదాకా తీసుకోమని చాలామంది సర్జన్లు చెబుతారు. నలభై దాటాక ఈ జబ్బు అరుదు. విశాఖ కేజీహెచ్‌లో గాని, అనకాపల్లిలో గాని, మరెక్కడైనా గాని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం చేతికొచ్చినప్పుడే సర్జన్‌ను రెండు మాటలు అడగండి: చుట్టూ వెంట్రుకలు ఎన్నాళ్లకోసారి తీయాలి, లేజర్ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు? జవాబు ఆ కాగితం మీదే రాయించుకోండి.