కాలు తీశాక గుండె సంగతేంటి?

1980 జనవరి 20న ల్యుబ్లానా ఆస్పత్రిలో యుగోస్లావియా అధినేత టిటోకు ఎడమ కాలు తీసేశారు. నెహ్రూ, నాసర్‌లతో కలిసి అలీనోద్యమానికి పునాది వేసిన టిటోకు షుగరు ఉంది. కాలి రక్తనాళాలు పూడుకుపోవడంతో డాక్టర్లు ముందు బైపాస్ చేసి చూశారు, ఫలించలేదు. కాలు తీశాక కొన్నాళ్లు తేరుకున్నట్టే కనిపించారు. ఆ తర్వాత కిడ్నీలు మొరాయించాయి, గుండె బలహీనపడింది, న్యుమోనియా పట్టుకుంది. మే 4న, 88 ఏళ్లు నిండడానికి మూడు రోజుల ముందు, కన్నుమూశారు.

పెద్ద వయసు కదా, మామూలే అనిపిస్తుంది. కానీ షుగరు వల్ల కాలు తీయాల్సివచ్చిన వాళ్లలో ఇది అరుదైన కథ కాదు. డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్య పరిశోధకుడి బృందం 2020లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీసింది. పాదం పైన కాలు తీసేసిన ప్రతి వందమందిలో దాదాపు 57 మంది అయిదేళ్లలోపే చనిపోతున్నారు. ఒక వేలో, పాదంలో కొంత భాగమో తీసినవాళ్లలోనూ ఈ సంఖ్య 46. క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే 31. క్యాన్సరనగానే బంధువులంతా పరుగెత్తుకొస్తారు. కాలివేలు తీశారంటే మాత్రం ‘వేలే కదా, ప్రాణం దక్కింది’ అని సరిపెట్టుకుంటారు!

చాలామంది ప్రాణం తీసేది ఆపరేషన్ కాదు. కాలిలో పూడుకుపోయిన రక్తనాళాల లాంటివే గుండెకు, మెదడుకు, కిడ్నీలకు కూడా రక్తం మోస్తున్నాయి. జబ్బు కాలిలో ముందుగా బయటపడిందంతే. అందుకే ఎక్కువమందిని బలితీసుకునేది గుండెపోటు, పక్షవాతం. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. కుట్లు ఊడదీశాక కట్టుకట్టే డాక్టరు దగ్గరికి మాత్రమే తిరిగితే సగం వైద్యం మిగిలిపోయినట్టే. బీపీ, కొలెస్ట్రాల్ మందులు, క్రియాటినిన్ పరీక్ష, బీడీ-సిగరెట్ మానడం... ఇవి పుండు మానడంతో సమానంగా ముఖ్యం.

నడక తగ్గడం ఇంకో దెబ్బ. కృత్రిమ కాలితో నడవడానికి మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి, మోకాలి పైన తీస్తే మరీ ఎక్కువ. సర్జన్లు మోకాలిని నిలబెట్టడానికి అంత తాపత్రయపడేది అందుకే. మంచానికి అతుక్కుపోయినవాళ్లలో కండ కరుగుతుంది, మనసు కుంగుతుంది, షుగరు పెరుగుతుంది.

ఇక భారమంతా మోసే రెండో కాలికీ అదే ముప్పు. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు 1993లో రెండు కాళ్లూ మోకాలి కింద తీసేయాల్సివచ్చింది, 1996లో ఆమె మరణించారు. షుగరు నరాలను మొద్దుబారిస్తే చెప్పు జారిపోయినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. ఈ చిక్కును చాలా ముందే పట్టుకున్నది మన చిత్తూరు పొరుగునే ఉన్న వెల్లూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన పాల్ బ్రాండ్. నొప్పి తెలియని పాదం ఒకేచోట ఒత్తిడిపడి పుండవుతుందని ఆయన చూపించారు. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లాక ఆ పాఠం షుగరు రోగులకూ ఉపయోగపడింది. మన దగ్గర డాక్టర్లు రాసే ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) మెత్తటి చెప్పులదీ ఆ కుష్ఠు వైద్యం బాటే.

ఇంట్లో చేయాల్సింది పెద్ద పనేం కాదు. రోజూ అరికాలు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. వేళ్ల సందులు పొడిగా తుడవాలి. బూటు వేసుకునే ముందు లోపల చెయ్యిపెట్టి తడమాలి. బ్లేడుతో ఆనెలు కోయడం, వేడినీళ్ల కాపడం అస్సలు వద్దు.

నరాలు మొద్దుబారడం పాదంతో ఆగదు. గుండె నరాలు దెబ్బతింటే గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమట, కారణం తెలియని నీరసం, వికారం మాత్రమే కనిపించవచ్చు. అలాంటప్పుడు గ్యాసనుకుని సోడా తాగి పడుకోకుండా వెంటనే ఆస్పత్రికెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.