ఉప్పునీట కొబ్బరి ఏల ఎండును?

కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుతో సమానముగా చూచుకొందురు. అట్టి చెట్లు రాజోలు ప్రాంతపు తీరగ్రామములలో మట్టలు వాలి, మొవ్వు ఎండి, తలలేని మొండెములై నిలుచుట ఇటీవలి సంవత్సరములలో మనము చూచుచున్నాము. శంకరగుప్తం మురుగుకాలువ ద్వారా సముద్రపు పోటునీరు తోటలలోనికి ఎక్కుటయే ఇందుకు కారణమని రైతులు చెప్పుచున్నారు. చెట్టు మొదట నీరు నిలిచియున్నది. చెట్టు మాత్రము దప్పికతో ఎండుచున్నది! ఈ చిక్కుముడి విప్పవలెనన్న కంటికి కనిపించని కణము లోపలికి పోయి చూడవలెను.

1665లో రాబర్టు హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందలి గదులకు ‘సెల్’ అని పేరు పెట్టెను. ఆయన చూచినవి చచ్చిన కణముల గోడలు మాత్రమే. 1838లో ష్లైడెన్ మొక్కలకును, 1839లో ష్వాన్ జంతువులకును కణమే నిర్మాణమునకు మూలమని చెప్పిరి.

కొబ్బరివేరులోని ఒక లేత కణమును తీసికొందము. వెలుపల సెల్యులోజుతో కట్టిన గోడ ఉన్నది. నీరు, లవణములు దీనిని తేలికగా దాటును. గోడ లోపలివైపున పలుచని ప్లాస్మాపొర ఉన్నది. కొవ్వుపదార్థపు రెండు వరుసలలో ప్రోటీనులు పొదిగినట్లు ఇది ఏర్పడినది. కణమునకు నిజమైన ద్వారపాలకుడు ఇదియే. లోపలి కణద్రవ్యములో వంశలక్షణములను దాచు కేంద్రకము, శక్తినిచ్చు మైటోకాండ్రియములు కలవు. నడుమ పెద్ద రిక్తిక, చక్కెరలు లవణములు కరిగిన కణరసముతో నిండియుండును.

ఒక మూల వెలిగించిన అగరువత్తి వాసన గది అంతయు వ్యాపించును కదా. పదార్థములు ఎక్కువగా ఉన్న చోటినుండి తక్కువగా ఉన్న చోటికి ఇట్లు పోవుటను వ్యాపనము అందురు. ఆక్సిజన్ ప్లాస్మాపొరను ఈ విధముగనే దాటును. నీరు మాత్రము పలుచని ద్రావణమునుండి చిక్కని ద్రావణమువైపు పొరను దాటిపోవును. ఇది ద్రవాభిసరణము. పొరలో నీటికై ప్రత్యేకమైన ప్రోటీను ద్వారములున్నవని కనుగొన్న పీటర్ ఆగ్రెకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

ఇందుకు మన వంటింటిలోనే నిదర్శనమున్నది. మాగాయకు తరిగిన మామిడిముక్కలలో ఉప్పు కలిపి జాడీలో పెట్టుదురు. ఒక్క చుక్క నీరు పోయకున్నను మూడవనాటికి జాడీ నిండ ఊట చేరును. ఆ ఊట ఎక్కడిది? ముక్కల కణములలోని నీరే ఉప్పువైపు వచ్చినది. తోటలో జరుగునదియు ఇదియే. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. దాని ద్రవాభిసరణ పీడనము సుమారు 25 వాతావరణములు. మంచినీటితో తడిసిన నేలలో ఈ పీడనము స్వల్పము. కనుక నీరు సులభముగా వేరులోనికి చేరును. నేలనీటిలో ఉప్పు పెరిగినకొలది ఈ ప్రవాహము మందగించి, తుదకు ఆగిపోవును. వేసవిలో నీరు ఆవిరియై ఉప్పు మిగులుటచే బాధ మరింత హెచ్చును.

అయితే కొబ్బరి సముద్రపు టొడ్డున ఇసుకలోను పెరుగుచున్నదే అని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మంచి ప్రశ్న. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకొనగలదు. పొరలోని కొన్ని ప్రోటీనులు పంపులవలె పనిచేసి, లోనికి వచ్చిన సోడియమును వెలుపలికి నెట్టును. తక్కువనుండి ఎక్కువకు, అనగా ఎదురెక్కి పోవు ఈ సక్రియా రవాణాకు శక్తి కావలెను. ఆ శక్తి ఏ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. దీనిని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావుగార్లు వేర్వేరుగా కనుగొనిరి. సుబ్బారావుగారు 1895లో మన పొరుగుననే, భీమవరములో జన్మించిరి.

ఏ.టి.పి. సమృద్ధిగా తయారగుటకు వేరునకు ఆక్సిజన్ అందవలెను. ఇసుకనేలలో నీరు ఇంకిపోవును, గాలి ఆడును, వాన ఉప్పును కడిగివేయును. బంకనేలలో నీరు నిలిచినచో ఆ దారి మూసికొనిపోవును; ఏలయన ఆక్సిజన్ గాలిలోకన్న నీటిలో సుమారు పదివేలరెట్లు నెమ్మదిగా వ్యాపించును. శక్తిలేక పంపులు ఆగును; ఉప్పు లోనికి చొరబడి ఆకులకు ఎక్కును. కనుక చెట్టుకు రెండు దెబ్బలు: దప్పిక ఒకటి, ఊపిరాడకపోవుట రెండవది.

చికిత్సయు దీనినిబట్టియే తెలియును. మొదట నిలిచిన ఉప్పునీరు పోవలెను. మరల పోటు ఎక్కకుండ కట్టుదిట్టము కావలెను. పిదప మంచినీటితో నేలను కడుగవలెను. గన్నవరము అక్విడక్టుమీదుగా వైనతేయను దాటివచ్చు గోదావరి నీరు ఇందుకు ఉపకరించును. రసాయనపు టెరువులును లవణములే. ఉప్పు పోకముందే వానిని వేసినచో మేలునకు బదులు కీడు కలుగవచ్చును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగము చేసి చూపవచ్చును. ఎఱ్ఱ ఉల్లిపాయ రేకుపైనున్న రంగుపొరను ఒలిచి, గాజుపలకపై నీటిచుక్కలో ఉంచి, సూక్ష్మదర్శినిలో చూడుడు. గదులు నిండుగా ఎఱ్ఱగానుండును. ఒకవైపు ఉప్పునీటిచుక్క వేసి, రెండవవైపు అద్దుడు కాగితముతో నీటిని లాగుడు. కొలదినిమిషములలో ఎఱ్ఱని భాగము గోడను వీడి ముడుచుకొనును. వెంటనే అదే విధముగా మంచినీరు పోనిచ్చినచో చాలకణములు మరల నిండును. ఎక్కువసేపు ఉప్పులో ఉంచినచో కణములు చచ్చును. అటుపిమ్మట ఎంత మంచినీరు ఇచ్చినను నిండవు.

తోటకును ఇట్టి గడువొకటి ఉన్నది. అది ముగియకముందే మురుగునీరు కదలవలెను.