క్షౌరపు సబ్బుకు చెట్టు గింజల కొవ్వు

క్షౌరపు సబ్బు పెట్టెమీద చిన్న అక్షరాల్లో ఉండే జాబితాను మా ఇంట్లో చాలాకాలం ఎవరూ చదవలేదు. ఉమ్రా ప్రయాణానికి సామాను సర్దుతున్నప్పుడు మా పెద్దబ్బాయి చదివాడు. అందులో 'సోడియం టాలోయేట్' అని ఉంది. టాలో అంటే పశువుల కొవ్వు. అది ఏ పశువుదో, దానిని ఎలా జబహ్ చేశారో పెట్టె చెప్పదు. అశుద్ధమైన కొవ్వు సబ్బుగా మారితే దాని స్వభావమే మారిపోతుంది గనుక అది శుద్ధమేనని హనఫీ పండితులు, కాదని షాఫయీ పండితులు అంటారు. ఆ చర్చను తేల్చడం మా పని కాదు. సందేహానికి తావులేని కొవ్వుతో ఇంట్లోనే సబ్బు చేసుకోవచ్చునా అన్నదే మా ప్రశ్న.

మొదటిసారి కొబ్బరినూనె, కాస్టిక్ సోడాతోనే చేశాము. నురగ బ్రహ్మాండంగా వచ్చింది, బ్లేడు చెంప మీదికి చేరేలోగా చప్పున కూలిపోయింది. పైగా చర్మం బిగుసుకుపోయి మంట పెట్టింది. అప్పుడు గాని మాకు అసలు సంగతి తెలియలేదు. గడ్డం మీద కదలక నిలిచే చిక్కటి నురగను ఇచ్చేది స్టియరిక్ ఆమ్లం. పశువుల కొవ్వులో అది తగినంత ఉంటుంది. తయారీదారులు దానిని ఇష్టపడేది అందుకే. అయితే కొన్ని చెట్ల గింజల్లో అది ఇంకా ఎక్కువ. కొంకణ తీరంలో పండే కోకం గింజల కొవ్వులో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లమే. అక్కడివారు పండు తొక్కను కూరల్లో పులుపుకు వాడుకొని, గింజల కొవ్వును పగిలిన పాదాలకు రాసుకుంటారు. మామిడి జీడి నుంచి తీసిన కొవ్వు కూడా ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. మన అడవుల ఇప్పనూనె సబ్బుకు మంచిదే గాని అందులో స్టియరిక్ తక్కువ, క్షౌరానికి చాలదు.

కోకం ఒక్కటే సరిపోతుందనుకొని రెండోసారీ పొరపడ్డాము. నురగ నిలిచింది గాని పలుచన. విడిగా స్టియరిక్ ఆమ్లం కలపక తప్పలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్టియరిక్ ఆమ్లం పామాయిలు నుంచీ వస్తుంది, పశువుల కొవ్వు నుంచీ వస్తుంది. కొనేముందు అడిగి తెలుసుకోకపోతే, వాకిట్లోంచి పంపిన సందేహం పెరటి దారిన తిరిగి వస్తుంది.

మాకు కుదిరిన పాళ్లు ఇవి: స్టియరిక్ ఆమ్లం 100 గ్రాములు, కోకం కొవ్వు 50, కొబ్బరినూనె 30, ఆముదం 20. వీటికి కాస్టిక్ సోడా 11 గ్రాములు, కాస్టిక్ పొటాష్ 24 గ్రాములు, నీళ్లు 90 గ్రాములు. సోడా సబ్బును గట్టిపరుస్తుంది, పొటాష్ నీటిలో త్వరగా కరిగించి నురగనిస్తుంది. ఈ లెక్కలో కొంత కొవ్వు మిగిలేలా చూశాము. కాస్టిక్ మిగలడం కంటే అదే నయం. చెంచాలతో కొలవడం పనికిరాదు, డిజిటల్ త్రాసు ఉండాలి.

కాస్టిక్ విషయంలో అలసత్వం కూడదు. పిల్లలను ఆ గదిలోకి రానీయకండి. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకొని, కిటికీ తెరిచి పని మొదలుపెట్టాలి. కాస్టిక్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. నీళ్లను కాస్టిక్ మీద పోయరాదు. పోస్తే మరిగి ఎగజిమ్ముతుంది. సత్తుగిన్నె అసలు వాడరాదు. కాస్టిక్ దానిని తినేసి, మండే వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె తీసుకోండి, వంటకు మళ్లీ వాడకండి. చుక్క మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి, కంట్లో పడితే కడుగుతూనే వైద్యుని వద్దకు పరుగెత్తాలి.

మరిగే నీళ్ల గిన్నె మీద మరో పెద్ద గిన్నె పెట్టి కొవ్వులన్నీ కరిగించాలి. స్టియరిక్ కరగడానికి దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. కాస్టిక్ నీళ్లు నెమ్మదిగా పోయగానే ముద్దకట్టుకుపోతుంది. మొదటిసారి చూసినవారు చెడిపోయిందని భయపడతారు. చెడిపోలేదు, స్టియరిక్ గుణమే అంత. కలుపుతూ సుమారు గంటసేపు ఉడకనివ్వాలి. చల్లార్చిన చిన్న ముక్కను నాలుక కొసకు ఒకసారి తాకించి నోరు పుక్కిలించండి. చురుక్కుమంటే ఇంకా ఉడకాలి. చివర 10 గ్రాముల గ్లిజరిన్ కలిపి, వేడిగా ఉండగానే డబ్బాలోకి అదిమిపెట్టాలి. మర్నాడే వాడవచ్చు గాని, రెండు మూడు వారాలు ఆరితే ఇంకా బాగుంటుంది.

అత్తరు కలపాలని మా చిన్నబ్బాయి పట్టుబట్టాడు. మేము వద్దన్నాము. ఇహ్రాంలో ఉన్నవారు సువాసన వస్తువులు వాడరాదు గదా, ప్రయాణపు సంచిలో ఏ డబ్బా ఎవరి చేతికి వస్తుందో తెలియదు. ఇప్పుడు వాసనలేని డబ్బా సంచిలో ఉంది. అత్తరు కలిపినది చిన్నవాడి అలమారలో ఉంది, దానిని ఎవరికీ ఇవ్వడం లేదు.